విరిగిన లంగరు బొమ్మ పడవ

ఆ వీడియో చూసిన రోజున షాపులో స్పీకరు వైరు పీకి సొరుగులో పడేశాను. కోపం వస్తే నాకు ముందు చేతులు పనిచేస్తాయి, బుర్ర తర్వాత. వైరు పీకినా కోపం తగ్గలేదు. గోడకున్న బ్యాండు పోస్టరు కూడా చించేద్దామని రెండు మూలలూ పట్టుకున్నాను. ఇరవై ఏళ్ల నాటి పోస్టరు. పట్టుకున్నదాన్ని పట్టుకున్నట్టే వదిలేసి, వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

సూళ్లూరుపేట స్టేషన్ రోడ్డులో నాకు జిరాక్సు షాపు ఉంది. ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా పెడతాను. పొద్దున పూట ఆధార్ కార్డుల వాళ్లు, హాల్ టికెట్ల వాళ్లు ప్రాణం తీస్తారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం ఫ్యాను, నేను, నా పాటలు. నేను వినేది హెవీ మెటల్. ఆ మాట చెబితే మా వీధిలో చాలామంది ఇనుము వ్యాపారం అనుకుంటారు. మా ఆయనకు విషయం తెలుసు కానీ, పాట మొదలవగానే "పాత ఇనప సామాన్లోడు వచ్చినట్టుండాడే" అంటాడు. పెళ్లయిన వారం నుంచి ఇదే జోకు. పెళ్లయిన వారం నుంచి నేను నవ్వడం లేదు.

నాకీ పిచ్చి పట్టింది ఒక పొరపాటు వల్ల. నెల్లూరులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టలు పక్కన క్యాసెట్లు రికార్డు చేసిచ్చే షాపు ఉండేది. సినిమా పాటల లిస్టు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్టు ఇచ్చి వచ్చాను. ఒకవైపు నేనడిగిన పాటలే ఉన్నాయి. రెండోవైపు తిప్పితే గిటార్లు మీద పడ్డాయి. ఎవరో అడిగినవి నా క్యాసెట్టులో ఎక్కించాడు ఆ మహానుభావుడు. వెళ్లి దెబ్బలాడాలి, డబ్బులు వెనక్కి అడగాలి అనుకుంటూనే మూడు రోజులు విన్నాను. నాలుగో రోజు వెళ్లి "ఇంకా ఉన్నాయా?" అని అడిగాను.

అదే ఈ బ్యాండు. ఎక్కడో చలిదేశంలో, సముద్రం పక్కన చిన్న ఊరి వాళ్లు నలుగురు. వాళ్ల గుర్తు విరిగిన లంగరు. బ్యాండు నాయకుడే పాటలు రాస్తాడు, పాడతాడు, గిటారు వాయిస్తాడు. మొదటి రోజుల్లో ఒక పాట కట్టాడు. తుపానులో చిక్కిన పడవ ఒకటి ఊరూరా తిరుగుతుంది, ఏ ఒడ్డూ దాన్ని ఆగనివ్వదు, చివరికి పడవలోని వాళ్లు ఒడ్డు అనే మాటనే మరిచిపోతారు. ఇంగ్లీషు సగం సగం వచ్చిన కాలంలో డిక్షనరీ ముందు పెట్టుకుని ఆ పాట అర్థం రాసుకుని, హాస్టలు బాత్రూములో కూర్చుని ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఆ మనిషే ఇప్పుడు, ఆ వీడియోలో, తెల్ల గడ్డంతో, వేలమంది ముందు పాటకీ పాటకీ మధ్య ఆగి, శరణు కోరి తన దేశం ఒడ్డుకు వచ్చే పడవలన్నిటినీ వచ్చిన దారినే తిప్పి పంపాలన్నాడు. అలా పంపుతానన్న పార్టీకి ఈసారి తానే ఊరూరా తిరిగి ప్రచారం చేస్తానన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు అరిచారు. ఆయన నవ్వి తర్వాతి పాట అందుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మండిన ఒళ్లు ఎవరికైనా చూపించాలి కదా. నాకు అందుకు ఇద్దరున్నారు.

మొదటివాడు పడవ అన్న. తడ దగ్గర పులికాట్ సరస్సు ఒడ్డు పల్లె ఆయనది, సరస్సులో వేట. నాలుగేళ్ల కిందట పడవ రిజిస్ట్రేషన్ కాగితాల కోసం మా షాపుకొచ్చాడు. నేను ఫారం నింపుతుంటే వెనకాల పాట మోగుతోంది. ఆయన బల్ల మీద వేళ్లతో కొడుతూ విని, "ఈ డ్రమ్ము మా మాదిరే కొడ్తా ఉండాడే" అన్నాడు. వల చుట్టూ వేసి, పడవ చెక్కల్ని దబదబా బాదితే ఆ చప్పుడుకు చేపలు బెదిరి వలలోకి పోతాయట. రెండు కాళ్లతో వాయించే ఆ జోడు డ్రమ్ములో ఆయనకు వినిపించింది అదీ. అంతకుముందు ఎవరూ ఆ సంగీతం గురించి నాతో అంత తెలివైన మాట అనలేదు. ఆయన నాకంటే పెద్దవాడు, అయినా నన్ను అక్కా అంటాడు. నేను ఆయన్ని అన్నా అంటాను. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

రెండోవాడు పెయింటరు తమ్ముడు. ఆరంబాకం దాటాక, సరస్సు ఒడ్డునే, తమిళనాడు వైపు పల్లె వాళ్లది. ఇంట్లో మాట్లాడేది తెలుగే కానీ చదివింది తమిళం. తెలుగు అక్షరాలు వాడికి చదవడం రాదు. బొమ్మల్లాగా చూసి దించేస్తాడు, ఒక్క గీత తప్పు పోదు. ప్రతి బుధవారం లోకల్ రైల్లో వచ్చి ఇక్కడ షాపులకు బోర్డులు రాసి, సాయంత్రం రైలుకు పోతాడు. నా బోర్డు రాస్తూ గోడ మీది పోస్టరు చూసి బ్రష్షు కింద పెట్టేశాడు. ఆ రోజు బోర్డు పూర్తి కాలేదు.

అలా బుధవారం మధ్యాహ్నాలు ముగ్గురం చేరేవాళ్లం. చేరిన దగ్గర నుంచీ గొడవే. నాకు పాతవి కావాలి, రికార్డింగు ఎంత గరగరగా ఉంటే అంత ఇష్టం. తమ్ముడికి నెమ్మదిగా సాగేవి కావాలి. అన్నకు డ్రమ్ము ఉంటే చాలు, మిగతా ముగ్గురు ఇంటికి పోయినా ఫరవాలేదు. ఎవరి పాట పెట్టాలనే దాని మీదే నాలుగయ్యేది. ఒక బుధవారం అన్నకు విసుగొచ్చి, జేబులోంచి వలకు కట్టే బెండు ముక్కలు మూడు తీశాడు.

"మా కాడ మాదిరి చేద్దారి," అన్నాడు.

వాళ్ల సరస్సులో చేపలు బాగా పడే చోట్లు కొన్నే. ఎవరు ఏ రోజు ఏ చోట వల కట్టాలో ఊరంతా కూర్చుని సీజను ముందు చీటీలు తీస్తారు. చీటీలో వచ్చిందే వంతు. వంతు మార్చుకోకూడదు, అమ్ముకోకూడదు, వేరేవాడి వంతు నాడు వల పట్టుకుని ఆ చుట్టుపక్కలకు పోకూడదు. మేమూ అదే పెట్టుకున్నాం. బెండు ముక్కల మీద ముగ్గురి గుర్తులు గీసి ప్లాస్టిక్ మగ్గులో వేశాం. ఎవరి బెండు వస్తే ఆ రోజు పాటలన్నీ వాళ్లవి. పాట మోగుతున్నంతసేపూ మిగతా ఇద్దరూ గొణగకూడదు. ఆగాక ఎంతైనా తిట్టుకోవచ్చు. ఆ మగ్గు వచ్చాక మా గొడవలకు ఒక మర్యాద వచ్చింది.

మూడేళ్ల కిందట తమ్ముడు అన్న పడవకు రంగులేసి, ముందు భాగాన విరిగిన లంగరు బొమ్మ గీశాడు. పల్లెలో అందరూ ఎవరో కొత్త దేవుడి గుర్తేమో అనుకున్నారట. అన్న కాదనలేదట.

వీడియో వచ్చిన బుధవారం నేను మగ్గు తీయలేదు. ఇద్దరికీ వీడియో చూపించి, వాడన్నదాన్ని తెలుగులో చెప్పి, "ఇంక ఈ షాపులో వాడి పాట మోగదు. అన్నా, నువ్వు కూడా ఆ బొమ్మ గీకించెయ్," అన్నాను.

తమ్ముడు అప్పుడు వైటు పెయింటు డబ్బా మూత తీస్తున్నాడు. "పాట వేరేక్కా, మనిషి వేరే," అన్నాడు. "నేను రౌడీలకు గూడా బ్యానర్లు రాసినా. అక్షరం ఏం చేస్తది?"

"నువ్వు వాళ్లిచ్చిన మాట రాశావు. వీడు సొంతంగా రాశాడు. ఆ పడవ పాట వీడే కదా రాసింది? రాసినోడికే అర్థం కాకపోతే ఎట్లా?"

"రాసినప్పుడు మంచోడే అయ్యుంటాడు. అందుకే చెప్తా ఉండా, ఆ పాట అప్పటి మనిషిది. ఇప్పటోడికి దాని మీద ఏం హక్కుండాది?"

అది నాకు కొత్తగా వినిపించింది. కోపంలో ఉన్నా, బాగుందే అనిపించింది. అన్న ఏమంటాడో వినాలని అటు తిరిగాను. పడవ మీద బతికే మనిషి, నా పక్షమే ఉంటాడని నాకు అనుమానమే లేదు.

"వాడు చెప్పిన దాంట్లో తప్పేముండాది?" అన్నాడు అన్న.

నేను ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాను.

"ఎవరి నీళ్లలో వాళ్లుండాలక్కా. వంతు లేనోడు వచ్చి వలేస్తే మేం ఊరుకుంటామా? తిప్పి పంపమా? రేపు నీ షాపులో ఇంకోడొచ్చి కూసుని జిరాక్సులు తీస్తే ఊరుకుంటావా?"

"అన్నా, వాళ్లు చేపల కోసం రాలేదు. ప్రాణం కోసం వచ్చారు."

"అందరం ప్రాణం కోసమే పోతాం నీళ్లలోకి," అన్నాడు. గొంతులో ఏదో గట్టితనం ఉంది. మామూలుగా ఆయన వాదించే పద్ధతి అది కాదు.

తమ్ముడు డబ్బా మూత మళ్లీ బిగించాడు. అన్న వైపు చూడకుండా, "తిప్పి పంపినోళ్ల వల ఏమవుద్దన్నా?" అని అడిగాడు.

తమ్ముడు బ్రష్షుల పెట్టె కూడా మరిచిపోయి, గంట ముందే స్టేషనుకు వెళ్లిపోయాడు.

తర్వాతి బుధవారం వాడు రాలేదు. అన్నా రాలేదు. ఒక్కదాన్నే కూర్చుని ఆ రెండు మాటల్నీ తిప్పి తిప్పి చూసుకున్నాను. వేల మైళ్ల అవతల ఉన్నవాడి రాజకీయాలు ఇంటర్వ్యూలతో సహా నాకు కంఠతా. నాలుగేళ్లుగా నా ఎదురుగా కూర్చున్న ఇద్దరి గురించి డ్రమ్ములు, గిటార్లు తప్ప ఏమీ తెలియదు. ఏదైనా తెలుసుకోవాలనిపిస్తే నాకు అన్నం సహించదు. ఆదివారం షాపు మూసి తడ బస్సెక్కాను, అక్కడి నుంచి ఇంకో బస్సు.

ఆ బస్సు సెల్ టవరు దగ్గర దింపేసింది. అక్కడి నుంచి ఒడ్డు వెంబడి పడవల రేవు దాకా నడక. మే నెల ఎండ, ఇసుకలో చెప్పు తెగింది. దారి మధ్యలో తాడిచెట్టు మొద్దు ఒకటి కనిపిస్తే కూలబడిపోయాను. అన్న ఎదురొచ్చి నన్ను చూసి నవ్వాడు.

"ఏందక్కా, మా సరిహద్దు మీద కూసున్నావే! మా నాయన కాలంలో ఇదే గుర్తు. ఒంటి తాడిచెట్టు. తుపానుకు పడిపోయినాది."

పడవ చూపించాడు. లంగరు బొమ్మ ఎండకు వెలిసిపోయి ఉంది. ఆయన గెడ వేసి నడిపిస్తే సరస్సులోకి వెళ్లాం. నీళ్లు నడుము లోతే. ఉన్నట్టుండి గెడ పక్కన పెట్టి, రెండు చేతులతో పడవ చెక్కలు బాదడం మొదలుపెట్టాడు. నిజంగానే మా డ్రమ్మే. నాకు ఎంత సంతోషమేసిందంటే, వచ్చిన పని మరిచిపోయాను. చప్పుడు ఆగాక గుర్తొచ్చింది.

"మీ సరిహద్దు గీత ఎక్కడన్నా? తమ్ముడి వాళ్ల నీళ్లు ఎక్కణ్ణుంచి?"

ఆయన చెయ్యి చాపాడు. "ఆ ఒడ్డు గోపురం కనపడతా ఉందా? ఈ ఒడ్డు టవరు చూడు. రెండూ ఒక వరసలోకి వస్తే అదే గీత. దానికి ఇవతల మాది, అవతల వాళ్లది."

నేను అటూ ఇటూ చూశాను. నాకు సరస్సు గురించి ఏమీ తెలియదు. తెలియదు కాబట్టే అడిగాను.

"అదేంటన్నా, గుర్తు తాడిచెట్టు అన్నావే? నేను కూర్చున్న మొద్దు దగ్గరికి టవరు నుంచి చెప్పు తెగేంత దూరం నడిచాను కదా. రెండూ ఒకటెట్లా అవుతాయి?"

ఆయన గెడ నీళ్లలో గుచ్చి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. పడవ నెమ్మదిగా పక్కకు తిరిగింది. నేను ఏదో అనరానిది అన్నానని భయపడ్డాను.

తర్వాత చెప్పాడు. చెట్టు పడిపోయిన మరుసటి ఏడు టవరు లేచింది. నీళ్ల మీద నుంచి చూస్తే చెట్టు ఉన్న వైపే టవరు, చెట్టు కంటే బాగా కనబడుతుంది. కుర్రాళ్లు టవరు చూడటం మొదలుపెట్టారు, తర్వాత పెద్దవాళ్లూ చూశారు. టవరు చెట్టు కంటే దక్షిణంగా ఉందని, దాంతో గీత కూడా అవతలి వాళ్ల నీళ్లలోకి జరిగిందని ఎవరూ అనలేదు. రెండేళ్ల కిందట చలికాలంలో గీత దాటి వల కట్టారని నాలుగు పడవల్లో వెళ్లి అవతలి పల్లె వాళ్ల వల పట్టుకున్నారు. ముందు పడవ అన్నది. వల వేసిన ముసలాయన "చెట్టు లెక్క చూడండయ్యా" అని అరుస్తూనే ఉన్నాడట.

"వల లాగేటప్పుడే నాకు తగిలిందక్కా. మా నాయన వెంట చిన్నప్పుడు ఆ చోటికి పొయ్యుండా. అది వాళ్ల చోటేనని ఆయనే చూపించినాడు. తెలిసి గూడా లాగినా."

ఆ వల గంగమ్మ గుడి వెనక రేకుల షెడ్డులో ఉందట. పట్టుకున్న వలను విడిపించమని అడగాలంటే, పట్టుకున్న వాళ్లలోనే ఒకడు ఊరి ముందు నిలబడి అడగాలి. అది వాళ్ల కట్టుబాటు.

"మరి అడగొచ్చుగా?"

"అడిగితే గీత తప్పని ఊరికి చెప్పినట్టేగా. వంతు నిలిపేస్తారు. ఇంట్లో నలుగురం ఆ వంతు మీదే తింటా ఉండాం."

బ్యాండు నాయకుడు బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సిందేనని మూడు గ్రూపుల్లో పోస్టులు పెట్టి వచ్చినదాన్ని నేను. ఈ మనిషిని మాత్రం, వెళ్లి చెప్పన్నా అనలేకపోయాను. సిగ్గేసింది. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని బస్సెక్కాను.

బుధవారం తమ్ముడు వచ్చాడు, బ్రష్షుల పెట్టె కోసం. తీసుకుని వెంటనే వెళ్లబోతుంటే టీ తెప్పించి కూర్చోబెట్టాను.

"ఆ వల మీ పల్లె వాళ్లదేనటగా," అన్నాను.

"మా మామదిక్కా." టీ ఊదుకుంటూ చెప్పాడు. "మా యమ్మ తమ్ముడు. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పినాడు, ముందు పడవకు విరిగిన లంగరు బొమ్మ ఉండాదని. ఆ బొమ్మ ఈ సరస్సులో ఎన్ని పడవలకుంటది? నేను గీసిందేగా."

నేను లెక్కేసుకున్నాను. రెండేళ్లు. వందకు తక్కువ కాని బుధవారాలు. అన్న పక్కన స్టూలు మీద కూర్చుని, మగ్గులోంచి బెండు తీసి, ఆయన బెండు వచ్చిన రోజున ఆయన డ్రమ్ములు నోరెత్తకుండా విన్నాడు వీడు.

"తెలిసీ ఎందుకు వస్తున్నావురా?"

"ముందు నెల రోజులు రాలేదు, గుర్తుందా? జ్వరం అని చెప్పినా. ఇంట్లో ఒక్కణ్ణే పాటలు పెట్టుకుంటే బాగాలేదు." టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇంకోటి, అన్నే చెప్తాడేమో అనుకున్నా. ప్రతి బుధవారం రైల్లో అదే అనుకుంటా వచ్చినా. పాట వేరే, మనిషి వేరే అని నాకు నేను చెప్పుకోవాలి గదక్కా. లేకుంటే ఈడ ఎట్ల కూసుంటా?"

ఆ వాదన మొన్న వాడు నా మీద గెలవడానికి చేశాడనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఎవరో హాల్ టికెట్టు కోసం వస్తే లేచి కంప్యూటరు వెనక్కి వెళ్లిపోయాను.

అన్నకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్నాను. రహస్యం దాచడం నాకు చేతకాదు, అది మా ఇంట్లో అందరికీ తెలిసిందే. అన్న కరెంటు బిల్లు కట్టడానికి వచ్చినప్పుడు చెప్పేశాను. తమ్ముడికి మొదటి నుంచీ తెలుసు, వల వాళ్ల మామది, మామ బొమ్మను గుర్తు పట్టాడు అని.

అన్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. తమ్ముడు కూర్చునే స్టూలు అది.

"ఇన్నాళ్లూ తెలిసే నా పక్కన కూసున్నాడా?" అన్నాడు. మళ్లీ తనలో తానే, "ఒక్కనాడన్నా మొఖం మాడ్చుకోలేదే," అన్నాడు. బిల్లు కాగితం బల్ల మీదే వదిలేసి వెళ్లాడు.

సీజను ముందు వాళ్ల ఊరి మీటింగుకు నేను వెళ్లలేదు, వెళ్లనివ్వరు కూడా. జరిగింది తర్వాత అన్నే చెప్పాడు. చీటీలు మొదలు పెట్టబోతుంటే లేచి నిలబడి, టవరు చెట్టు కాదు, మనం పట్టుకున్న వల వాళ్ల నీళ్లలోది, విడిపించండి అన్నాడట. నానా మాటలూ అన్నారట. తమిళనాడోళ్లకు అమ్ముడుపోయినావా అన్నారట. అప్పుడు ఊరి కట్టుబాట్లు చూసే పెద్దకాపు, ముసలాయన, ఎవరితోనూ మాట్లాడకుండా లేచి ఒడ్డు వెంబడి నడిచి ఆ మొద్దు దగ్గర నిలబడ్డాడట. గోపురం వైపు చూశాడట, టవరు వైపు చూశాడట. తిరిగొచ్చి, వల ఇచ్చేయమన్నాడు. గీత సంగతి రెండు ఊళ్ల పెద్దలూ కూర్చుని తేల్చుకోవాలన్నాడు. అన్న వంతు ఈ సీజనుకు నిలిపేయమన్నాడు.

"నిజం చెప్పినందుకా?" నాకు మళ్లీ ఒళ్లు మండింది.

"లేదక్కా. ఇన్నాళ్లు చెప్పనందుకు." ఆయన మొహంలో బాధ ఉంది. కానీ ఆ బుధవారం నాటి గట్టితనం లేదు. "న్యాయమే గదా. ఈ సీజను ఇంకోడి పడవలో కూలికి పోతా."

మర్నాడే వల గోనెసంచిలో వేసుకుని, బస్సెక్కి సరిహద్దు దాటి తమ్ముడి పల్లెకు ఒక్కడే వెళ్లాడు. ఎలకలు కొట్టేశాయి, ఆ వల ఇక దేనికీ పనికిరాదు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఇద్దరిలో ఎవరూ నాకు చెప్పలేదు. నాలుగైదు సార్లు అడిగాను. మామ అన్నం పెట్టాడని మాత్రం తెలిసింది.

పడవకు వేట లేకపోయినా రంగు వేయించాలి, లేకపోతే చెక్క పాడవుతుంది. ఆ ఆదివారం ముగ్గురం ఒడ్డున కలిశాం. నేను స్పీకరు తీసుకెళ్లాను, సొరుగులోని వైరుతో సహా. మగ్గు కూడా తీసుకెళ్లాను. బెండు తీస్తే తమ్ముడిది వచ్చింది. వాడు ఆ పాత పడవ పాట అడిగాడు. గొణగకూడదు కాబట్టి పెట్టాను. ఆ పాట రాసినవాడు నాకు ఇప్పటికీ నచ్చడు, వాడి కొత్త ఆల్బం నేను వినలేదు, వినను. కానీ డ్రమ్ము మొదలవగానే అన్న చేతులు చెక్క మీద ఆడటం మొదలైంది, నా కాలూ తాళం వేసింది. వాడన్నదీ, వాడు పాడిందీ రెండూ ఒకే నోటి నుంచి ఎలా వచ్చాయో నాకు తెలియదు. పక్కన కూర్చున్న అన్నను చూశాక అది అంత వింతగా అనిపించలేదు.

పాట ఆగాక తమ్ముడు పాత రంగు గీకడం మొదలుపెట్టాడు. పక్కలు అయ్యాయి, వెనక భాగం అయింది. ముందు భాగానికి వచ్చేసరికి అన్న అడ్డం వచ్చాడు.

"ఆ బొమ్మ గూడా గీకేయ్‌రా. అక్క చెప్పినట్టు తీసేద్దాం. దాన్ని చూస్తే నాకే ఏందోగా ఉండాది."

తమ్ముడు గీకుడు రేకు కింద పెట్టి, నల్ల రంగు డబ్బా మూత తీశాడు. సన్న బ్రష్షు ముంచి, వెలిసిపోయిన లంగరు మీద మొదటి గీత దిద్దాడు.

"ఉండనీన్నా," అన్నాడు. "మామ గుర్తు పట్టాలిగా."